తొమ్మిదో ప్రశ్న అడిగిన తర్వాత: హెచ్ఐవీ, కుంగుబాటుపై పరిశోధిస్తున్నవారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల ఎయిడ్స్ నియంత్రణ సంస్థల ప్రాజెక్టు డైరెక్టర్లకు, వైద్య కళాశాలల ఎథిక్స్ కమిటీల సభ్యులకు, మానసిక వైద్యం, సామాజిక వైద్యం, జనరల్ మెడిసిన్ విభాగాలలో పీజీ విద్యార్థుల థీసిస్‌లకు మార్గదర్శకులుగా ఉన్న ఆచార్యులకు నమస్కరించి రాయునది.

నేను ఒక ప్రభుత్వ ఆసుపత్రి ఆవరణలో, హెచ్ఐవీ ఉన్నవారికి వైరస్‌ను అదుపులో ఉంచే మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో పదకొండేళ్ళు కౌన్సెలర్‌గా పనిచేశాను. అది కాంట్రాక్టు ఉద్యోగం. ఇప్పుడు అందులో లేను కాబట్టి ఈ లేఖ రాసే వెసులుబాటు దొరికింది. అయితే ఆ గదిలో విన్న సంగతులను విన్నవి విన్నట్టు బయటపెట్టే హక్కు నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అందువల్ల ఇందులో ఎవరి ఊరూ, వయసూ, చేసే పనీ కనిపించవు. ఏ ఆసుపత్రినీ, ఏ కళాశాలనూ పేరు పెట్టి తప్పుపట్టడం కూడా నా ఉద్దేశం కాదు. హెచ్ఐవీతో జీవిస్తున్నవారిలో కుంగుబాటుపై మన దగ్గర నేను చూసిన పరిశోధన తీరు మీదా, దానికి అనుమతులిచ్చే పద్ధతి మీదా నాకున్న అభ్యంతరాలను, వాటితోపాటు కొన్ని విన్నపాలను మీ ముందుంచుతున్నాను.

ఒకసారి మా కేంద్రానికి పీజీ చదువుతున్న ఒక యువ వైద్యురాలు ప్రశ్నావళి తీసుకుని వచ్చారు. పీహెచ్‌క్యూ-9 అనే ఆ ప్రశ్నావళి మీకు కొత్తది కాదు. గడిచిన రెండు వారాలలో మనసు ఎలా ఉందో తెలుసుకునే తొమ్మిది ప్రశ్నలు (చివరిదైన తొమ్మిదోది చచ్చిపోతే బాగుండుననే ఆలోచనల గురించి), ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు, మొత్తం 27లో 10 గాని అంతకు మించి గాని వస్తే కుంగుబాటు ఉందేమోనని అనుమానించాలి. మందుల వరుసలో కూర్చున్నవారిని ఒక్కొక్కరినే పిలిచి, అంగీకార పత్రం మీద సంతకమో వేలిముద్రో తీసుకుని, ఆమె ఓపికగానే అడిగారు. కొన్ని వారాలలో ఆమెకు కావలసిన సంఖ్య పూర్తయింది. ఆ తర్వాతి నెల మందులకు వచ్చిన ఒకావిడ నా ఎదురుగా కూర్చుని, వేరే మాటల మధ్య, "ఆ డాక్టరమ్మ చచ్చిపోతే బాగుండు అనిపిస్తోందా అని అడిగింది మేడమ్. రోజూ అనిపిస్తోందని చెప్పాను. రాసుకుంది" అని ఊరుకుంది. తర్వాత ఏమైందని అడిగాను. ఏమీ కాలేదట. కిటికీ దగ్గర మాత్రలు తీసుకుని, బస్సెక్కి ఇంటికి వెళ్ళిపోయిందట. అంతకు ముందు ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు, నాతో సహా. అడిగిన మొదటి మనిషికి ఆమె దాచకుండా చెప్పింది. ఆ జవాబు ఒక గడిలో 3 అనే అంకెగా మారి కాగితాల కట్టలో చేరింది. అదే హాలులో, గదిలా అడ్డం పెట్టుకున్న అట్టపెట్టెల చాటున, పది అడుగుల దూరంలో నేను కూర్చుని ఉన్నాను.

ఆ యువ వైద్యురాలిని నేను తప్పుపట్టలేను. ఆమెకు ఆమోదించి ఇచ్చిన ప్రణాళికలో ప్రశ్న ఉంది గాని, దానికి ఫలానా జవాబు వస్తే ఆ పూట ఎవరికి చెప్పాలో, ఎక్కడికి తీసుకువెళ్ళాలో లేదు. ఆ ప్రణాళికను గైడు చదివారు, ఎథిక్స్ కమిటీ చదివింది, సంతకాలయ్యాయి. "ఇది ప్రశ్నావళి మాత్రమే కాబట్టి పాల్గొనేవారికి ఎటువంటి ప్రమాదమూ లేదు" అన్న వాక్యాన్ని మా కేంద్రానికి వచ్చిన అంగీకార పత్రాలలో నేను చాలాసార్లు చదివాను. సూది గుచ్చడం లేదు, రక్తం తీయడం లేదు కాబట్టి హాని లేదని అనుకుంటున్నారు. ఎవరికీ చెప్పుకోని మాటను నోరు తెరిపించి చెప్పించుకుని, ఆపై ఏమీ పట్టనట్టు వదిలేస్తే, ఇక ఎవరికి చెప్పినా ఇంతేనన్న నమ్మకం ఆ మనిషిలో గట్టిపడుతుంది. దాన్ని నేను హాని అనే అంటాను.

అసలు మన పరిశోధకులు ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నారో ఒకసారి చూడండి. నేను ఉన్నన్నాళ్ళలో మా కేంద్రానికి వచ్చిన అధ్యయనాలన్నింటి పేర్లూ ఇంచుమించు ఒకటే: ఏఆర్‌టీ కేంద్రానికి వచ్చే రోగులలో కుంగుబాటు ఎంత శాతం. హెచ్ఐవీ ఉన్నవారిలో కుంగుబాటు ఎక్కువన్న సంగతి తేలి చాలా కాలమైంది. 2001లోనే సీయెస్లా, రాబర్ట్స్ అనే ఇద్దరు అప్పటికి వచ్చిన 10 అధ్యయనాలను కలిపి చూసి, హెచ్ఐవీ లేనివారితో పోలిస్తే ఉన్నవారిలో తీవ్రమైన కుంగుబాటు దాదాపు రెండింతలు ఉందని చూపారు. అదే ఏడాది, అమెరికాలో హెచ్ఐవీ ఉన్న 765 మంది మహిళలను ఏడేళ్ళ దాకా గమనించిన అధ్యయనం వెలువడింది. కుంగుబాటు లక్షణాలు ఎడతెగకుండా ఉన్న స్త్రీలు మరణించే అవకాశం అవి పెద్దగా లేనివారి కంటే రెట్టింపు అని, వ్యాధి తీవ్రతనూ చికిత్సనూ లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా ఆ తేడా నిలిచిందని అందులో తేలింది. 2011లో గొంజాలెజ్ బృందం 95 నమూనాలను కలిపి పరిశీలించినప్పుడు, కుంగుబాటు ఉన్నచోట మందులు తప్పిపోవడం కూడా ఉంటుందన్నది స్థిరంగా కనిపించింది. మన జిల్లాలో కుంగుబాటు 30 శాతమా, 40 శాతమా అని మరో వందమందిని అడిగి తెలుసుకున్నంత మాత్రాన ఆ కేంద్రంలో మర్నాడు ఎవరూ ఏదీ వేరుగా చేయరు.

ఇక్కడ నా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. మిగిలిన మాత్రలు లెక్కపెట్టడం మా రోజువారీ పని. నెలకు 30 మాత్రలలో ఒకటి మిగిలితే ఫరవాలేదు. అంతకు మించితే కారణం రాయాలి. నేను ఎక్కువగా రాసిన కారణం "మర్చిపోయారు" అనేది. పదకొండేళ్ళలో ఆ మాట ఎన్ని వందల సార్లు రాశానో చెప్పలేను. వారిలో నిజంగా మరచిపోయినవారు ఎందరో, మాత్ర అరచేతిలో పెట్టుకుని, ఇది మింగి ఎవరిని ఉద్ధరించాలి అనుకుని పక్కన పడేసినవారు ఎందరో నేను విడదీయలేదు. రిజిస్టరులో ఆ రెంటికీ ఉన్నది ఒకే గడి. పరిశోధకులు పనిచేయవలసినది సరిగ్గా ఇలాంటి చోట్ల అని నా అభిప్రాయం.

మన రాష్ట్రాలకు ఈ పని ఇతరుల కంటే ఎక్కువ అవసరం. 2021 జాతీయ అంచనాల ప్రకారం దేశంలో హెచ్ఐవీతో జీవిస్తున్నవారు సుమారు 24 లక్షలు. అందులో ఆంధ్రప్రదేశ్‌లోనే మూడు లక్షలకు పైగా ఉన్నారు. వయోజనులలో హెచ్ఐవీ దేశం మొత్తం మీద 0.21 శాతం అయితే ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47. మరోవైపు, బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాలలో సాగింది; ఆ పన్నెండింటిలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. ఆ సర్వేలో సాధారణ మానసిక రుగ్మతలు ఉన్నవారిలో 85 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. హెచ్ఐవీ భారం ఇంత ఉన్న రెండు రాష్ట్రాలలో మనసుకు సంబంధించిన లెక్క ఇంత పలచగా ఉన్నప్పుడు, ప్రతి పరిశోధన గంటనూ ఆచితూచి ఖర్చు చేయాలి కదా.

ఇక భాష సంగతి. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మీలో చాలామంది దీన్ని అనువాదకుడి పనిగా భావించి దాటిపోతున్నారు. మా కేంద్రానికి వచ్చిన ఒక ప్రతిలో రెండో ప్రశ్న "నిరుత్సాహము, నిస్పృహ, నిరాశలకు లోనగుట" అని ఉంది. వరుసలో ఉన్నవారిలో ఆ మూడు మాటలకూ తేడా చెప్పగలిగినవారు ఎవరూ లేరు, నేనూ చెప్పలేను. వాళ్ళు "అంటే ఏంటమ్మా?" అని అడుగుతారు. అప్పుడు అడిగేవారు తమకు తోచిన మాటలో చెబుతారు. ఒకరు "బాధగా ఉంటోందా" అంటారు, ఇంకొకరు "ఏడుపొస్తోందా" అంటారు, మూడోవారు "టెన్షనా" అని తేల్చేస్తారు. కాగితం మీద ఒకే ప్రశ్న, నోటి మాటలో మూడు. తర్వాత ఆ మార్కులన్నీ కలిపి సగటు తీస్తారు.

మనవాళ్ళకు ఈ బాధ చెప్పుకునే మాటలు లేక కాదు. కోస్తా జిల్లాలలో బెంగ, దిగులు అంటారు. బెంగ సాధారణంగా ఎవరి మీదో, దేని మీదో పెట్టుకునేది. పిల్లవాడు హాస్టలుకు వెళితే తల్లి బెంగ పెట్టుకుంటుంది. దిగులుకు అలా ఒక కారణం కనిపించనక్కరలేదు. తెలంగాణలో రంది అంటే పైకి చెప్పుకోగల చింత, అప్పు గురించో బిడ్డ పెళ్ళి గురించో. మనాది అంటే లోలోపలే మనిషిని తినేసేది, మనాదితో మంచం పట్టాడనడం అక్కడ మామూలు మాట. నా వరకు, మానసిక వైద్యులు కుంగుబాటు అనే స్థితికి మనాది అన్న మాట నిరుత్సాహం కంటే ఎంతో దగ్గర. ఈ నాలుగు మాటలలో ఏది పీహెచ్‌క్యూలోని ఏ ప్రశ్నకు ఎంతవరకు సరిపోతుందో, ప్రాంతాన్ని బట్టి ఎలా మారుతుందో తేల్చడం ఒక పూర్తి పీజీ థీసిస్‌కు తగిన విషయం. జింబాబ్వేలో పరిశోధకులు షోనా భాషలోని "కుఫుంగిసిస" అన్న మాటను పట్టుకుని పని మొదలుపెట్టారు. దానికి అర్థం అతిగా ఆలోచించడం. మా దగ్గరకొచ్చేవారు "ఆలోచనలు ఎక్కువైపోతున్నాయి మేడమ్, తల పగిలిపోతోంది" అన్నప్పుడల్లా నాకు ఆ మాట గుర్తొచ్చేది. అంత దూరాన ఉన్నవారిదీ మనదీ ఒకే ఫిర్యాదు. వాళ్ళు దాన్ని ప్రశ్నగా మార్చుకున్నారు, మనం మార్చుకోలేదు.

ఒంటి బాధల మాట కూడా ఉంది. ఆ తొమ్మిది ప్రశ్నలలో నిద్ర, నీరసం, ఆకలి గురించినవి ఉన్నాయి. సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) పడిపోయిన మనిషికి, క్షయ మందులు కూడా వాడుతున్న మనిషికి, రక్తహీనత ఉన్న మనిషికి మనసు ఎలా ఉన్నా ఆ మూడూ ఉంటాయి. అలాంటి వ్యక్తికి కుంగుబాటు లేకుండానే ఏడెనిమిది మార్కులు పడవచ్చు. దీనికి తలకిందుగా, మనసు పూర్తిగా చితికిపోయిన స్త్రీ మనసు ఊసే ఎత్తకుండా గుండెదడ అని, కాళ్ళు పీకుతున్నాయని, తలలో బరువని చెప్పి, నొప్పి మాత్రలు రాయించుకుని పోవడమూ నేను చూశాను. ప్రశ్నావళి మార్కును అలాగే రోగనిర్ధారణగా రాసేయకుండా, కనీసం కొంతమందిని మానసిక వైద్యులు విడిగా కూర్చోబెట్టి మాట్లాడి సరిచూసుకుంటేనే ఆ శాతాలకు విలువ.

ఎక్కడ, ఎప్పుడు అడుగుతున్నారన్నది కూడా జవాబును మారుస్తుంది. అత్తగారికి రక్తహీనత మాత్రలని చెప్పి, ఆవిడను బయట బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చిన కోడలు ఇరవై నిమిషాలు లోపల ఉండలేదు. వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే పరీక్ష) ఫలితం కోసం ఎదురుచూస్తున్న రోజున ఎవరి మనసూ మామూలుగా ఉండదు. 2017 నుంచి పరీక్షలో హెచ్ఐవీ అని తేలగానే, సీడీ4 ఎంతున్నా, మందులు మొదలుపెడుతున్నాం. అది ప్రాణాలు కాపాడే మంచి మార్పు, నాకు సందేహం లేదు. అయితే మనిషికి ఆ వార్త ఇంకా మింగుడుపడని వారంలోనే జీవితాంతం వాడవలసిన మాత్రల డబ్బా చేతిలో పెడుతున్నాం. ఆ మొదటి ఆరు వారాలు ఎలా గడుస్తున్నాయో తెలుసుకునే అధ్యయనం ఒక్కటైనా మా కేంద్రానికి వస్తుందేమోనని చూశాను. వచ్చినవారందరూ ఒక రోజు అడిగి వెళ్ళిపోయినవారే.

మందుల గురించి కూడా చెప్పాలి. మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ 2004 ఏప్రిల్ 1న మొదలైంది. నేను చేరిన తర్వాత చాలా ఏళ్ళపాటు మేమిచ్చిన మాత్రలో ఎఫవిరెంజ్ ఉండేది. పడుకునే ముందు వేసుకోమని చెప్పేవాళ్ళం, ఎందుకంటే వేసుకున్నాక తల తిరుగుతుంది, మత్తుగా ఉంటుంది, రాత్రంతా కలలు వస్తాయి. పోయిన భర్త వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాడని ఒకరు, బావిలోకి జారిపోతూనే ఉన్నానని ఒకరు చెప్పేవారు. కొన్ని వారాలలో సర్దుకుంటుందని ధైర్యం చెప్పి పంపేవాళ్ళం, చాలామందికి సర్దుకునేది కూడా. 2014లో వచ్చిన ఒక విశ్లేషణ, నాలుగు క్లినికల్ ట్రయల్స్‌లోని 5,332 మంది వివరాలను కలిపి చూసి, మొత్తం మీద సంఖ్య చిన్నదే అయినా, ఎఫవిరెంజ్‌తో చికిత్స మొదలుపెట్టినవారిలో ఆత్మహత్య ఆలోచనలు, ప్రయత్నాలు మిగతావారి కంటే రెట్టింపుకు పైగా ఉన్నాయని తెలిపింది. 2020 తర్వాతి కాలంలో డోలుటెగ్రావిర్ ఉన్న మాత్రకు మనవాళ్ళలో అత్యధికులు మారారు. దానివల్ల కొందరికి నిద్ర పట్టదు. వారిని ఉదయం వేసుకోమంటాం. (ఈ పేరా చదివి ఎవరూ మాత్రలు ఆపవద్దు. ఇబ్బంది ఏదైనా ఉంటే కేంద్రంలోని వైద్యులకు చెబితే మార్చే దారి ఉంటుంది. ఆపేస్తే వైరస్ మళ్ళీ పెరుగుతుంది.)

ఇంతమంది ఒక మందు నుంచి ఇంకో మందుకు మారారు, మారిన తేదీ ప్రతివారి చికిత్స వివరాలుండే గ్రీన్ బుక్‌లోనూ ఉంది. దాని ముందూ వెనకా వారి మనసు ఎలా ఉందో వరుసగా నమోదై ఉంటే ఎంత తెలిసేది! మా కేంద్రంలో అలా నమోదు చేయలేదు. నమోదు చేయమని ఎవరూ అడగలేదు, మాకూ తోచలేదు.

మనసు కుంగడానికి వైరస్, మందులే కారణమన్నట్టు రాయడం కూడా సరికాదు. భర్త పోయిన ఆరు నెలలకే అత్తవారు పొలంలో భాగం లేదని పుట్టింటికి పంపేసిన స్త్రీకి ఏ స్కేలు పెట్టి కొలిచినా ఎక్కువ మార్కులే వస్తాయి; ఆమెకు ముందుగా కావలసింది న్యాయ సహాయం. రెండు రాష్ట్రాలలోనూ హెచ్ఐవీ ఉన్నవారికి సామాజిక పింఛను ఉంది. అది మంజూరైన ఏడాదిలో కుంగుబాటు తగ్గుతుందా, మంజూరు ఆలస్యమైతే పెరుగుతుందా అన్నది మానసిక వైద్యానికీ ప్రజా విధానానికీ ఒకేసారి పనికొచ్చే ప్రశ్న. ఇంకా, పుట్టుకతోనే వైరస్ సోకి, తల్లిదండ్రులు పోయాక అమ్మమ్మల దగ్గర పెరిగిన పిల్లలున్నారు. వారికి "బలానికి మాత్రలు" అనే చెబుతూ వచ్చారు. చేతికి ఫోను వచ్చాక డబ్బా మీది పేరు వెతికి తెలుసుకున్న పిల్లవాడు నా గదికి వచ్చి అడిగింది తన జబ్బు గురించి కాదు, ఇన్నేళ్ళూ అందరూ తనకు అబద్ధం ఎందుకు చెప్పారని. దానికి పీహెచ్‌క్యూలో ప్రశ్న లేదు.

దిగులును తగ్గించే ఒక మాట మన చేతిలోనే ఉండి కూడా మనం సరిగా చెప్పడం లేదు. క్రమం తప్పకుండా మందులు వాడి, వైరల్ లోడ్ కనిపించని స్థాయిలో నిలబెట్టుకున్న వ్యక్తి నుంచి లైంగిక సంబంధం ద్వారా వైరస్ సోకదని 2011 నాటి హెచ్‌పీటీఎన్ 052 మొదలు 2019లో వెలువడిన పార్ట్‌నర్-2 దాకా వచ్చిన పెద్ద అధ్యయనాలు నిలబెట్టాయి. భార్యను తాకడానికే భయపడుతూ ఏళ్ళు గడిపిన మనిషికి ఈ సంగతి విడమరచి చెప్పినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ముందే ఎందుకు చెప్పలేదని మాత్రం అడిగారు. ఈ ఒక్క సమాచారాన్ని స్పష్టంగా చెప్పిన కేంద్రాలనూ చెప్పని కేంద్రాలనూ పోల్చి చూడండి.

చికిత్స సంగతికి వస్తే, మానసిక వైద్యులు చాలినంతమంది లేరన్న మాట వినీ వినీ అలసిపోయాను. అది నిజమే. అయితే అది కారణంగా చూపే చోట పరిశోధన ఎప్పుడో ముందుకు వెళ్ళిపోయింది. జింబాబ్వే రాజధాని హరారేలో డిక్సన్ చిబండా మొదలుపెట్టిన "స్నేహపు బల్ల" పద్ధతిలో, శిక్షణ పొందిన పెద్ద వయసు స్త్రీలు క్లినిక్ ఆవరణలో చెట్టు నీడన బల్ల మీద కూర్చుని మాట్లాడతారు, ఒక్కో సమస్యను విడదీసి దారి వెతకడంలో సాయపడతారు. 24 క్లినిక్‌లలో 573 మందితో చేసిన ట్రయల్ ఫలితాలు 2016లో వచ్చాయి. అందులో పాల్గొన్నవారిలో 40 శాతానికి పైగా హెచ్ఐవీ ఉన్నవారే, ఆరు నెలల తర్వాత బల్ల దగ్గర కూర్చున్నవారి పరిస్థితి మిగతావారి కంటే స్పష్టంగా మెరుగ్గా ఉంది. ఉత్తర ఉగాండాలో ఎథెల్‌డ్రెడా నకిమూలి-ఎంపుంగు బృందం 30 ఆరోగ్య కేంద్రాలలో హెచ్ఐవీతో పాటు కుంగుబాటు ఉన్న 1,140 మందితో చేసిన పని 2020లో వెలువడింది. అక్కడ ఆరోగ్య కార్యకర్తలే చిన్న చిన్న బృందాలుగా కూర్చోబెట్టి మనసు గురించి, కుటుంబం గురించి, ఏదైనా సంపాదన మార్గం గురించి కూడా మాట్లాడించారు. ఆరు నెలల తర్వాత ఆ బృందాలలో తీవ్ర కుంగుబాటు ఉన్నవారు నూటికి ఒకరు కూడా లేరు. ఆరోగ్య విద్య మాత్రమే పొందినవారిలో 28 శాతం ఉన్నారు.

అది ఆఫ్రికా, ఇది వేరు అంటారేమో. ఆంధ్రప్రదేశ్‌లోనే రెండు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో, ఎయిడ్స్‌తో జీవిస్తున్న 68 మంది గ్రామీణ స్త్రీలతో జరిగిన అధ్యయనం 2012లో అచ్చయింది. ప్రత్యేక శిక్షణ ఇచ్చిన ఆశా కార్యకర్తలు వెంట ఉండి సాయం చేసిన స్త్రీలలో కుంగుబాటు లక్షణాలు మామూలు సేవలు పొందినవారి కంటే బాగా తగ్గాయి. పశ్చిమ గోదావరి జిల్లా గ్రామాలలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ నడిపిన స్మార్ట్ మెంటల్ హెల్త్ ప్రాజెక్టులో ఆశాలు ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి ఇవే తొమ్మిది ప్రశ్నలు అడిగారు. తేడా ఏమిటంటే, మార్కు ఎక్కువ వచ్చినవారి వివరం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడి ట్యాబ్‌కు చేరేది, ఆ వ్యక్తి వైద్యుడి దగ్గరకు వెళ్ళారో లేదో ఆశా మళ్ళీ కనుక్కునేది. అదే ప్రశ్నావళి, అదే తెలుగు నేల. ప్రశ్న వెనక మనిషిని నిలబెట్టారు, అంతే.

ఆశాల మాట ఎత్తాను కాబట్టి గోప్యత గురించి చెప్పకుండా ఉండలేను. ఊరిలోని ఆశా ఊరిమనిషే. ఆమెకు తెలియడం కొందరికి కొండంత అండ, కొందరికి పీడకల. ఎవరి ద్వారా సాయం కావాలో ఎంచుకునే వీలు మనిషికే ఉండాలి. కొందరు పక్క మండలం నుంచి వచ్చే, హెచ్ఐవీ ఉన్నవారి సంఘమైన పాజిటివ్ నెట్‌వర్క్ కార్యకర్తనే కోరుకుంటారు. 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉన్న హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం హెచ్ఐవీ ఉన్నవారిని తెలియజెప్పి పొందిన అంగీకారం లేకుండా పరిశోధనకు గురిచేయకూడదు, వారి సమాచారాన్ని నమోదు చేసే ప్రతి సంస్థా దాని భద్రతకు ఏర్పాట్లు చేయాలి. వరుసలో వెనకవారు వింటుండగా చదివి, ఇక్కడ వేలిముద్ర వేయమంటే అది తెలియజెప్పడం అవుతుందా? నింపిన ప్రశ్నావళులను ఫోనులో ఫొటోలు తీసి గ్రూపులో పంపుకోవడం కూడా నేను కళ్ళారా చూశాను. అది ఏ చట్టం కింద భద్రత?

మానసిక వైద్య విభాగానికి పంపడంలో మరో చిక్కు ఉంది. హైదరాబాదు వైపు "ఎర్రగడ్డకు పంపాలి" అన్నది ఇప్పటికీ ఎగతాళి మాటే. విశాఖలోని మానసిక వైద్యశాల పేరు కూడా అలాగే వాడతారు. ఒక జబ్బు పేరు దాచుకోవడానికే జీవితం సరిపోతున్న మనిషికి రెండో పేరు తగిలిస్తున్నాం. పైగా మా చీటీ మీద పెద్ద అక్షరాలతో ఏఆర్‌టీ అని ఉండేది. ఆ చీటీ పట్టుకుని ఇంకో వరుసలో నిలబడాలి. నేను పంపినవారిలో చాలామంది వెళ్ళేవారు కాదు. చచ్చిపోతే బాగుండునని రోజూ అనిపిస్తోందన్న ఆవిడను మాత్రం, ఆ మాట నాతో చెప్పిన రోజునే నా పని ఆపేసి, వెంటబెట్టుకుని తీసుకెళ్ళాను. వారానికొక పూట మానసిక వైద్యులే ఏఆర్‌టీ కేంద్రానికి వచ్చి కూర్చుంటే, అదే గదిలో, అదే రోజున, నెల మందులతో పాటే చూపించుకోవడానికి ఎవరూ వెనకాడరని నా అనుభవం. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఉంది, ఏఆర్‌టీ కేంద్రం ఉంది, చాలాచోట్ల రెండూ ఒకే ప్రహరీ లోపల ఉన్నాయి. హెచ్ఐవీ, మానసిక ఆరోగ్య సేవలను కలిపి అందించమని యూఎన్ఎయిడ్స్, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో కలిసి పుస్తకమే వేశాయి.

ఎథిక్స్ కమిటీలను నేను కోరేది ఇది: ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగే ఏ అధ్యయనానికైనా, అవునన్న జవాబు వచ్చిన గంటలో ఎవరు ఏం చేస్తారో పేరుతో, ఫోను నంబరుతో రాసి ఉంటేనే అనుమతి ఇవ్వండి. 14416 టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి) నంబరు కాగితం మీద అచ్చువేసి ఇవ్వడం మంచిదే, అది 2022 అక్టోబరు నుంచి పనిచేస్తోంది, తెలుగులో మాట్లాడతారు. కాని ఇంట్లో ఒకే ఫోను, అదీ భర్త చేతిలో ఉండే స్త్రీకి అది చాలదు. మీ కమిటీలో సామాన్యుల తరఫున ఒక సభ్యుడు ఎలాగూ ఉండాలి. హెచ్ఐవీ అధ్యయనాలను పరిశీలించే రోజునైనా ఆ కుర్చీలో హెచ్ఐవీతో జీవిస్తున్న వ్యక్తిని కూర్చోబెట్టండి. అంగీకార పత్రాన్ని వారిచేత పైకి చదివించండి. ఎక్కడ తడబడతారో అక్కడ తిరగరాయించండి.

ఆచార్యులను కోరేది థీసిస్ విషయాల గురించి. పీజీ విద్యార్థికి సమయం తక్కువని, మార్గదర్శకులకు పని ఒత్తిడి ఉందని నాకు తెలుసు. ఒక్క రోజు అడిగి వెళ్ళే అధ్యయనాలు ఎందుకు పెరుగుతాయో అర్థం చేసుకోగలను. అయినా వందమందిని ఒకసారి అడగడం కంటే ముప్పైమందిని ఆరు నెలలపాటు నెలనెలా చూడటం ఆ విద్యార్థికే ఎక్కువ నేర్పుతుంది. ఏది తేలినా, ఆ కేంద్రం సిబ్బందికి తెలుగులో రెండు పేజీలు రాసి ఇప్పించండి. నేనున్న పదకొండేళ్ళలో మా కేంద్రంలో అడిగి వెళ్ళినవారిలో ఒక్కరు కూడా ఏం తేలిందో మాకు చెప్పలేదు. జవాబులిచ్చినవారు నన్ను అడిగేవారు: "మేడమ్, ఆ రోజు రాసుకెళ్ళారు, మాకేమైనా వస్తుందా?" వాళ్ళు అడిగింది పింఛను గురించో మందుల గురించో అనుకుని మొదట్లో నవ్వుకునేదాన్ని.

రాష్ట్ర సంస్థలను కోరేది మరీ పెద్ద పని కాదు. మాత్రల లెక్క రాసే పేజీలో మనసుకు రెండు ప్రశ్నల గడి చేర్చండి, మూడు నెలలకోసారి చాలు. "మర్చిపోయారు" పక్కన "వేసుకోవాలనిపించలేదు" అని ఇంకో గడి పెట్టండి. కౌన్సెలర్ గదికి తలుపు పెట్టించండి. అట్టపెట్టెలు అడ్డం పెట్టుకుని ఎవరూ తొమ్మిదో ప్రశ్న అడగలేరు. రోజుకు ఇంతమందిని చూడాలన్న లెక్కలో, ఒక్క మనిషితో ముప్పావు గంట కూర్చోవలసి వచ్చిన రోజును తప్పుగా చూడకండి. కౌన్సెలర్లకు కూడా ఎవరితోనైనా మాట్లాడుకునే ఏర్పాటు ఉండాలి. దీని గురించి ఇంకా రాయాలని ఉంది, కాని అది మరో లేఖ.

ఈ విషయంపై మీరు సమావేశం ఏర్పాటు చేస్తే, ఏ జిల్లాలోనైనా సరే, నా ఖర్చుతో వస్తాను. నాతోపాటు మాట్లాడటానికి ఇష్టపడి, తమ పేరు చెప్పుకోవడానికి భయపడని ఇద్దరు ముగ్గురిని కూడా తీసుకువస్తాను. అంతవరకు, వచ్చే నెల మీ కమిటీ ముందుకు రాబోయే ప్రణాళికలలో పీహెచ్‌క్యూ-9 ఉన్నవాటిని పక్కకు తీసి, తొమ్మిదో ప్రశ్న ఉన్న పేజీ తర్వాత ఏం రాసి ఉందో చూడవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
ఏఆర్‌టీ కేంద్రంలో పదకొండేళ్ళు పనిచేసిన ఒక కౌన్సెలర్